మీట నొక్కేది మనమే... మరి పేర్లు రాసేదెవరు?

వేసవి సెలవులు వచ్చాయంటే మన ప్రవాస తెలుగు కుటుంబాల్లో ప్రయాణాల సందడి మొదలవుతుంది. కొందరికి ఇండియా ప్రయాణం, కొందరికి నయాగరా, మరికొందరికి ఎల్లోస్టోన్. ఎక్కడికి వెళ్ళినా చేతిలో సెల్‌ఫోను ఉండనే ఉంటుంది. తిరిగివచ్చేసరికి అందులో వందలకొద్దీ ఫోటోలు చేరతాయి. మామూలు మనిషి తన సెలవుల జ్ఞాపకాలను తానే ఫోటో తీసుకోవడం వెనుక నూట ముప్పై ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్రలో మనం దారిలో వదిలేసిన ఒక చిన్న పని కూడా ఉంది.

ఒకప్పుడు ఫోటో అంటే స్టూడియో వ్యవహారం. ఆరవ నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో పరదా పాటించే స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. అక్కడ ఫోటోలు తీసేది కూడా మహిళే. ఒక్క ఫోటో దిగడానికి అంతటి ఏర్పాటు కావలసివచ్చేది!

అప్పటికే అమెరికాలో మరో దారి పడింది. న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్ నగరవాసి జార్జ్ ఈస్ట్‌మన్ 1888లో కొడాక్ కెమెరాను మార్కెట్లోకి తెచ్చారు. ధర 25 డాలర్లు. 100 ఫోటోలకు సరిపడా ఫిల్ము లోపలే ఉండేది. అది అయిపోయాక కెమెరాను ఫ్యాక్టరీకి పంపితే, 10 డాలర్లకు ఫోటోలు కడిగి, ప్రింట్లు వేసి, కొత్త ఫిల్ము నింపి తిరిగి పంపేవారు. మీట నొక్కడం మీ వంతు, తక్కిన పనంతా మా వంతు అని ఆ కంపెనీ ప్రచారం చేసుకుంది. 1900లో వచ్చిన బ్రౌనీ కెమెరా ధర ఒక్క డాలరే. 6 ఫోటోల ఫిల్ము 15 సెంట్లు. పిల్లలు సైతం ఫోటోలు తీయడం మొదలుపెట్టారు. విహారయాత్రకు వెళితే కెమెరా వెంట ఉండాలన్న అలవాటును పెంచడంలో కొడాక్ ప్రకటనల పాత్ర చాలా ఉంది.

ఇక్కడే ఒక విశేషం చెప్పుకోవాలి. 1914లో కొడాక్ 'ఆటోగ్రాఫిక్' కెమెరాలను విడుదల చేసింది. వాటి వెనుక ఒక చిన్న తలుపు ఉండేది. ఫోటో తీయగానే దాన్ని తెరిచి, సన్నని లోహపు పుల్లతో తేదీ, పేరు రాసి, కొద్దిసేపు వెలుతురు తగలనిస్తే ఆ రాత నెగెటివ్ మీదే పడేది. ఈ పద్ధతి కనిపెట్టిన హెన్రీ గైస్‌మన్‌కు ఈస్ట్‌మన్ 3 లక్షల డాలర్లు చెల్లించారు. ఫోటోలో ఉన్నదెవరో రాసిపెట్టడానికి ఆ రోజుల్లోనే అంత విలువ కట్టారన్నమాట. 1930లు వచ్చేసరికి ఆ ఏర్పాటు కనుమరుగైంది.

అయినా రాసే అలవాటు పోలేదు. 1970, 80లలో అమెరికా వచ్చిన మనవాళ్ళు ఇండియా వెళ్ళేటప్పుడు 24, 36 ఫోటోల రోళ్ళు లెక్కపెట్టి పట్టుకెళ్ళేవారు. తాతయ్యను కుర్చీలో కూర్చోబెట్టి, పిల్లలను ముందుకు లాగి, ఇంటిల్లిపాదినీ ఒక్క ఫోటోలో ఇరికించేవారు. తిరిగివచ్చాక రెండేసి ప్రింట్లు వేయించి ఒక సెట్టు ఇండియాకు పోస్టు చేసేవారు. ఫోటో వెనుక బాల్‌పెన్నుతో పేర్లు, ఊరు, నెల, సంవత్సరం రాసేవారు.

తరువాతి కథ త్వరత్వరగా నడిచింది. 1975లో కొడాక్ ఇంజనీరు స్టీవెన్ శాసన్ తయారుచేసిన డిజిటల్ కెమెరా ఒక్క ఫోటోను క్యాసెట్ టేపు మీద నమోదు చేయడానికి 23 సెకన్లు తీసుకునేది. 1997 జూన్ 11న కాలిఫోర్నియాలోని శాంటా క్రూజ్‌లో ఫిలిప్ కాన్, అప్పుడే పుట్టిన తన పాపను డిజిటల్ కెమెరాతో ఫోటో తీసి, సెల్‌ఫోను, లాప్‌టాప్ జతచేసి రెండువేలమందికి పైగా పంపించారు. 2000లో జపానులో షార్ప్ కంపెనీ కెమెరా ఫోను, 2007లో ఐఫోను వచ్చాయి. 2012 జనవరిలో కొడాక్ దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది.

ఫోనుకు జ్ఞాపకశక్తి తక్కువేమీ కాదు. 1995లో జపానులో రూపొందిన ఎగ్జిఫ్ అనే ప్రమాణం పుణ్యమా అని, ఫోటోతోపాటే తేదీ, సమయం నమోదవుతాయి. అనుమతిస్తే ఏ చోట తీశామో కూడా నమోదవుతుంది. అయితే వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోలో ఈ వివరాలు చాలావరకు రాలిపోతాయి. ఫోను ఒకే ముఖమున్న ఫోటోలను ఒకచోట చేర్చగలదు. కానీ ఆ ముఖం అమ్మమ్మ తోడికోడలిదనీ, నాన్నగారి మేనత్తదనీ దానికెలా తెలుస్తుంది? ఇక్కడ పుట్టిన మన పిల్లలకు పెద్దమ్మ, పిన్ని, అత్తయ్య అందరూ 'ఆంటీ'లే అయిపోతున్నారు. ఆ వరసలు తెలిసిన పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు. వారు వెళ్ళిపోయాక ఎంత స్పష్టమైన ఫోటో అయినా ఎవరో తెలియని మనిషి ఫోటోగానే మిగులుతుంది.

అందుచేత సోదర సోదరీమణులకు ఒక మనవి. ఈ వేసవిలో తీసిన వందల ఫోటోల్లోంచి, పాత రోలు లెక్కన, 36 ఎంచుకోండి. ప్రింట్లు వేయించండి. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని ఇండియాలో ఉన్న అమ్మకో, నాయనమ్మకో వీడియో కాల్ చేయండి. ఒక్కో ఫోటో చూపించి, "వీరెవరు? మనకేమవుతారు?" అని పిల్లలచేతే అడిగించండి. ఆవిడ చెప్పిన పేరు, వరస, ఊరు ఫోటో వెనుక తెలుగులో రాయించండి. పిల్లల రాత వంకరగా ఉన్నా ఫరవాలేదు. ఫోనులోనూ ఫోటోకు వివరం రాసుకునే చోటు ఉంటుంది. అక్కడా రాయండి. ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు ఈ పనికి. చెప్పేవారు ఫోనులో పలుకుతున్నప్పుడే దాన్ని పూర్తిచేసుకుందాం.