నీలి గుర్రాలు నిలిచిన మేడ

అక్టోబర్ 3 జర్మనీ ఏకీకరణ దినం. ఆ రోజు అందరికీ బ్రాండెన్‌బర్గ్ గేటే గుర్తొస్తుంది. నాకు మాత్రం అక్కడి నుంచి తూర్పుగా సాగే ఉంటర్ డెన్ లిండెన్ వీధిలోని యువరాజ భవనం, క్రోన్‌ప్రింజెన్ పలే, గుర్తొస్తుంది. రెండు జర్మనీలను కలిపిన ఒప్పందంపై 1990 ఆగస్టు 31న సంతకాలు జరిగింది అందులోనే.

17వ శతాబ్దంలో అదొక అధికారి సొంతిల్లు. 1732లో వాస్తుశిల్పి ఫిలిప్ గెర్లాక్ దాన్ని ప్రష్యా యువరాజు ఫ్రెడరిక్ కోసం మేడగా మార్చాడు. తర్వాత రాణి లూయిజా కాపురం ఇక్కడే సాగింది. 1856-57లో స్ట్రాక్ అనే వాస్తుశిల్పి ఇంకో అంతస్తు లేపి, స్తంభాల ముఖమండపం కట్టి దానికి క్లాసికల్ రూపమిచ్చాడు. 1859లో చివరి కైజర్ రెండో విల్‌హెల్మ్ పుట్టిందీ ఇక్కడే.

రాజులు పోయాక ఈ మేడకు అసలైన వెలుగొచ్చింది. 1919లో నేషనల్ గ్యాలరీ డైరెక్టర్ లుడ్విగ్ యుస్టి రాచగదుల్లో బతికున్న చిత్రకారుల బొమ్మలు వేలాడదీశాడు. ఎంత తెగువ! న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం తొలి డైరెక్టర్ ఆల్‌ఫ్రెడ్ బార్‌కు స్ఫూర్తినిచ్చిన చోట్లలో ఇదొకటి. ఇక్కడ వేలాడిన బొమ్మల్లో నా ప్రాణం ఫ్రాంజ్ మార్క్ 1913లో గీసిన 'నీలి గుర్రాల గోపురం'. రెండు మీటర్ల ఎత్తున, ఒకదానిపై ఒకటి లేచినట్టున్న నాలుగు గుర్రాలు. మార్క్ 1916లో వెర్డన్ యుద్ధంలో చనిపోయాడు. నాజీలు 1933లో యుస్టిని తొలగించారు, 1936లో మేడలోని ఆ ఆధునిక కళా విభాగాన్నే మూసేశారు. మరుసటి ఏడు మ్యూనిక్‌లో 'భ్రష్ట కళ' ప్రదర్శనలో ఈ గుర్రాలను నిలబెట్టి అవమానిస్తే, దేశం కోసం ప్రాణమిచ్చినవాడి బొమ్మను ఇలా చేస్తారా అని మాజీ సైనికాధికారుల సంఘమే అడ్డుపడింది. బొమ్మను అక్కడి నుంచి తీసేశారు. దాన్ని నాజీ నేత గోరింగ్ చేజిక్కించుకున్నాడు. 1945 తర్వాత జాడ లేదు.

మేడ కూడా యుద్ధంలో కాలిపోయింది. 1968-70లో తూర్పు జర్మనీ ప్రభుత్వం వాస్తుశిల్పి రిఖార్డ్ పౌలిక్ చేత మళ్లీ కట్టించి, అతిథి గృహం చేసుకుంది. వెనక తోటలోని రెస్టారెంటుకు, వాస్తుశిల్పి షింకెల్ కట్టగా తర్వాత కూల్చేసిన నిర్మాణ విద్యాలయం ద్వారం ముక్కలు అమర్చారు. ఏకీకరణ తర్వాత కొన్నేళ్లు మేడలో జర్మన్ చరిత్ర మ్యూజియం ప్రదర్శనలు జరిగాయి. ఆ తర్వాత ఒక పని అని లేదు. ఎవరికి కావలిస్తే వారికి ఒక సభ, ఒక ప్రదర్శన.

గోడలు తిరిగొచ్చాయి, బొమ్మలు తిరిగి రావాలి. యుస్టి బొమ్మలు వేలాడదీసిన చోట మళ్లీ ఆధునిక చిత్రకళకు శాశ్వత స్థానం ఇవ్వాలి. ఈ మేడకు తగిన పని అదొక్కటే.