సెల్మాలో రెండు మరణాలు: మతాంతర సంఘీభావపు పరిధి

1965 మార్చిలో అమెరికాలోని అలబామా రాష్ట్రం, సెల్మా పట్టణంలో నల్లజాతివారి ఓటుహక్కుకై సాగిన పాదయాత్రను మతాంతర సంఘీభావానికి ప్రతీకగా పేర్కొనడం పరిపాటి. మార్చి 7న పోలీసులు ఉద్యమకారులను లాఠీలతో కొట్టగా, మార్టిన్ లూథర్ కింగ్ పిలుపునందుకొని ప్రొటెస్టంట్ బోధకులు, కాథలిక్ సన్యాసినులు, యూదు రబ్బైలు తరలివచ్చారు. నాజీల కాలంలో తల్లినీ తోబుట్టువులనూ కోల్పోయిన రబ్బై అబ్రహాం జాషువా హెషెల్ మార్చి 21న ముందువరుసలో నడిచాడు. ఈ చిత్రం యథార్థమే, కాని అసంపూర్ణం.

ఈ యాత్రకు ప్రేరణ జిమ్మీ లీ జాక్సన్ మరణం. ఫిబ్రవరి 18న మారియన్ పట్టణంలో పోలీసు తూటాకు గురై, 26న మరణించిన ఈ నల్లజాతి యువకుడు బాప్టిస్టు సంఘపు డీకన్. కింగ్ పిలుపుపై సెల్మాకు వచ్చి, మార్చి 9న జరిగిన దాడిలో గాయపడి, రెండు రోజులకు కన్నుమూసిన జేమ్స్ రీబ్ తెల్లజాతి యూనిటేరియన్ బోధకుడు. ఇద్దరి సంతాపసభల్లోనూ ప్రసంగించిన కింగ్, మౌనం వహించిన మతబోధకులకూ ఆ హత్యల్లో భాగముందన్నాడు. మార్చి 15న కాంగ్రెసునుద్దేశించి ప్రసంగించిన అధ్యక్షుడు జాన్సన్ మాత్రం ఒక్క దైవసేవకుని మరణాన్నే స్మరించాడు, అది రీబ్‌ది. డీకన్ దైవసేవకుడు కాడా? మతభేదాన్ని దాటిన సానుభూతి, రాజధానికి చేరేసరికి చర్మపు రంగును దాటలేకపోయింది.

ఓటుహక్కు చట్టం ఆగస్టు 6న వచ్చింది. జాక్సన్‌ను కాల్చిన పోలీసు న్యాయస్థానంలో నేరం అంగీకరించినది 2010లో.