ఉపగ్రహం మనది, కిటికీ ఎవరిది?

2005 మే 5న శ్రీహరికోటలో రెండో ప్రయోగ వేదిక తొలిసారి పనిలోకి దిగింది. రాష్ట్రపతి అబ్దుల్ కలాం దాన్ని జాతికి అంకితం చేసిన రోజది. ఆ వేదిక మీద నుంచి లేచిన పీఎస్ఎల్‌వీ-సీ6 రెండు ఉపగ్రహాలను మోసుకెళ్లింది. పెద్దది కార్టోశాట్-1. బరువు 1,560 కిలోలు. రెండున్నర మీటర్ల స్పష్టతతో నేలను చూడగల కెమెరాలు రెండు దానికి. రెండోది హామ్‌శాట్. బరువు నలభై రెండున్నర కిలోలే.

హామ్‌శాట్‌ని అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు గానీ, కథంతా ఆ బుల్లిదానిలోనే ఉంది. అది ప్రపంచంలోని హామ్ రేడియో ఔత్సాహికులందరి కోసం పంపింది. అందులోని రెండు ట్రాన్స్‌పాండర్లలో ఒకటి మనవాళ్లు చేసింది, ఇంకోటి విలియం లైయెనార్ అనే డచ్చి విద్యార్థి చేసింది. హామ్ లైసెన్సూ, ఓ రేడియోసెట్టూ ఉన్నవాళ్లు ఎవరైనా సరే దాని ద్వారా మాట్లాడుకునే వీలుండేది, పైసా కట్టనక్కర్లేకుండా. అది ఎప్పుడు నెత్తిమీదికి వస్తుందో లెక్కగట్టడానికి జీప్రెడిక్ట్ లాంటి ఉచిత ప్రోగ్రాములు ఉండేవి. వాటి కోడ్‌ని విప్పి చూసుకోవచ్చు, నచ్చినట్టు మార్చుకోవచ్చు. ఒకటి రెండేళ్లు పనిచేస్తే చాలనుకున్న ఆ ఉపగ్రహం 2014 జూలై దాకా బతికింది.

కార్టోశాట్ తీసిన చిత్రాల సంగతి వేరు. వాటిని కొనుక్కోవాల్సి వచ్చేది. కొన్నాక తెరిచి చూడటానికి సాఫ్ట్‌వేర్ కావాల్సి వచ్చేది. ఆ సాఫ్ట్‌వేర్ కూడా చాలాచోట్ల కొన్నదే, అదీ విదేశీ కంపెనీల దగ్గర. రాకెట్టు మనది, ఉపగ్రహం మనది, కింద కనబడే పొలాలూ చెరువులూ మనవి. వాటిని చూసే కిటికీ మాత్రం అద్దెది.

శ్రీహరికోట గురించి రెండు మాటలు. ఒకవైపు బంగాళాఖాతం, మరోవైపు స్థానికులు ప్రళయ కావేరి అని పిలిచే పులికాట్ సరస్సు. నడుమ సన్నగా సాగిన దీవి. రాకెట్ కేంద్రానికి 1969లో ఈ చోటు ఎంపికైంది. అంతకుముందు ఆ అడవిలో బతికినవాళ్లు యానాదులు, కేంద్రం వచ్చాక చోటు మారాల్సి వచ్చింది వాళ్లే. 1971 అక్టోబర్ 9న రోహిణి-125 సౌండింగ్ రాకెట్‌తో ప్రయోగాలు మొదలయ్యాయి. 2002లో కేంద్రానికి సతీశ్ ధవన్ పేరు పెట్టారు. నెల్లూరు జిల్లా అనే అలవాటు జనానికి ఇంకా పోలేదు గానీ, 2022 నుంచి కాగితాల మీద ఇది తిరుపతి జిల్లా.

ఇక్కడి నుంచి ఎగిరిన భూపరిశీలన ఉపగ్రహాల చిత్రాలు హైదరాబాద్ దగ్గరి షాద్‌నగర్‌లో దిగుతాయి. ఆ పని చూసే సంస్థ 1974లో జాతీయ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీగా మొదలై, 2008లో ఇస్రోలో కేంద్రంగా కలిసింది. 1990లలో, 2000ల మొదట్లో ఈ రంగంలో చదువుకున్న వాళ్లను కదిపితే వినిపించే సాఫ్ట్‌వేర్ పేర్లు ఎర్దాస్, ఆర్క్ఇన్ఫో. వాటితోపాటు డాంగిల్. సాఫ్ట్‌వేర్ నడవాలంటే కంప్యూటర్ వెనక గుచ్చాల్సిన చిన్న తాళం అది. లైసెన్సుల ధర లక్షల్లో ఉండేది కాబట్టి డిపార్ట్‌మెంట్ అంతటికీ ఒకటో రెండో డాంగిళ్లు ఉండేవి. పరిశోధక విద్యార్థి తన వంతు కోసం కాచుక్కూచోవాలి.

నిజం చెప్పుకోవాలంటే, మన కాలేజీల్లో ఈ ఖరీదైన సాఫ్ట్‌వేర్‌కి ఎదురైన మొదటి పోటీ కోడ్ అందరికీ తెరిచి ఉంచే ఓపెన్ సోర్స్ కాదు. స్కెచ్ పెన్నుతో పేరు రాసిన క్రాక్ సీడీ. దొంగ నకలుతో చదువు సాగిపోతుంటే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం వెతకాల్సిన అవసరం ఎవరికి? కంపెనీలు కూడా కాలేజీల విషయంలో చూసీచూడనట్టు ఊరుకుంటే నష్టపోవు. కుర్రాళ్ల చేతులు తమ మెనూలకే అలవాటు పడితే రేపు వాళ్లు చేరే ఆఫీసు లైసెన్సు కొంటుంది. ఓపెన్ సోర్స్ వ్యాప్తి గురించి రాసే చాలామంది ఈ ముక్కను వదిలేస్తారు.

ఇస్రో ఊరుకోలేదు, సొంత దారి కూడా తొక్కింది. అహ్మదాబాద్‌లోని అంతరిక్ష అనువర్తనాల కేంద్రం ఇస్రోజీఐఎస్ అనే ప్యాకేజీ తయారుచేసింది (జీఐఎస్ అంటే మ్యాపులనూ వాటి వివరాలనూ కలిపి చూపే సాఫ్ట్‌వేర్). తర్వాతి కాలంలో స్కాన్‌పాయింట్ అనే సంస్థతో కలిసి ఐజీఐఎస్ వచ్చింది. స్వదేశీ అన్న ముచ్చట తీరింది. అయితే అవీ మూత వేసిన పెట్టెలే. లోపల ఏముందో బయటివాళ్లు చూడలేరు, తప్పు దొరికితే సరిదిద్దలేరు. వెయ్యిమంది విద్యార్థులు తలా ఒక చెయ్యి వేసి పెంచే అవకాశం వాటికి లేకపోయింది. తాళంచెవి విదేశంలో ఉండటం ఒక ఇబ్బంది అయితే, తాళం ఉండటమే ఇంకో ఇబ్బంది.

తాళం లేని సరుకు అప్పటికే బయట పెరుగుతోంది. అది పుట్టిన చోటు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. గ్రాస్ అనే జీఐఎస్‌ను 1982లో మొదలుపెట్టింది అమెరికా సైన్యపు ఇంజినీర్ల ప్రయోగశాల, సైనిక స్థావరాల భూముల లెక్క కోసం. సైన్యం దాన్ని వదిలేశాక విశ్వవిద్యాలయాల వాళ్లు అందుకున్నారు. 1999లో అది జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కిందికి వచ్చింది. మ్యాప్‌సర్వర్ మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో నాసా సాయంతో పుట్టింది. 2002లో అలాస్కాలో ఉండే గ్యారీ షెర్మన్ తన లైనక్స్ కంప్యూటర్‌లో మ్యాపులు చూసుకోవడానికి రాసుకున్న చిన్న ప్రోగ్రామ్ క్వాంటమ్ జీఐఎస్ అయింది. ఇవాళ అందరూ క్యూజీఐఎస్ అంటున్నది దాన్నే. 2006లో ఈ ప్రాజెక్టులన్నిటికీ ఒక గొడుగుగా ఓస్‌జియో ఫౌండేషన్ ఏర్పడింది. దాని భారత శాఖకు హైదరాబాద్ ముఖ్యమైన కూడలి. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలోని స్పేషియల్ ఇన్ఫర్మాటిక్స్ ల్యాబ్‌లో కె.ఎస్. రాజన్ బృందం ఈ పనిముట్లతో పాఠాలు చెప్పింది, పరిశోధన చేసింది. తెలుగులో లైనక్స్ తేవడానికి స్వేచ్ఛ సంస్థ హైదరాబాద్‌లో మొదలైంది కూడా ఆ దరిదాపుల్లోనే, 2005లో.

2009లో రెండు సంగతులు జరిగాయి. జనవరిలో క్యూజీఐఎస్ 1.0 వచ్చింది. ఆగస్టు 12న ఇస్రో భువన్ అనే మ్యాపు పోర్టల్‌ను విడుదల చేసింది. పత్రికలన్నీ దాన్ని గూగుల్ ఎర్త్‌కి భారత్ జవాబు అని రాసేశాయి. తెరిచి చూసినవాళ్ల అనుభవం అంత గొప్పగా లేదు. ముందు ఒక ప్లగిన్ దింపుకోవాలి, విండోస్ ఉండాలి, దానికి తోడు కావలసిన సరంజామా ఉండాలి. లైనక్స్ వాడేవాళ్లకు తలుపు మూసే ఉంది. ప్రజాధనంతో ఎగిరిన ఉపగ్రహాల చిత్రాలను చూడాలంటే ఒక అమెరికన్ కంపెనీ ఆపరేటింగ్ సిస్టమ్ ఉండాలన్న మాట. వెటకారాలు కూడా బాగానే వచ్చాయి.

తర్వాత జరిగింది పెద్దగా వార్తల్లోకి ఎక్కలేదు. భువన్‌లో మామూలు బ్రౌజర్‌లో ప్లగిన్ లేకుండా తెరుచుకునే టూడీ మ్యాపు వచ్చింది. దాని వెనక ఓపెన్‌లేయర్స్, టైల్‌కాష్, జియోసర్వర్ వంటి ఓపెన్ సోర్స్ పనిముట్లు కుదురుకున్నాయి. మ్యాపు పొరలను అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం బయటికి అందించడంతో, శ్రీహరికోటకు దగ్గరి సూళ్లూరుపేటలో కూచున్నవాడు తన క్యూజీఐఎస్‌లో ఒక లింకు అతికించి భువన్ పొరను నేరుగా తెచ్చుకోగలిగాడు. ఈ మార్పుకి ఉద్యమం, నినాదం ఏమీ అవసరం కాలేదు. లక్షలాది జనం ఒకేసారి వాడే సేవకు తలకింత చొప్పున లైసెన్సు కట్టడం కుదిరే పని కాదు, అంతే.

ఆ లక్షలాది జనం ఎవరో 2016లో తేలింది. గ్రామీణాభివృద్ధి శాఖ ఉపాధి హామీ పనులను భువన్‌పై నమోదు చేయించడం మొదలుపెట్టింది. ఫీల్డ్ అసిస్టెంట్ ఆండ్రాయిడ్ ఫోన్ పట్టుకుని పంటకుంట గట్టు మీద నిలబడతాడు. ఫొటో తీస్తాడు, అక్షాంశ రేఖాంశాలు దానికవే ఎక్కుతాయి. దేశమంతటా ఇలా నమోదైన పనులు కోట్లకు చేరాయి. చేతిలో ఉన్న ఫోన్ అడుగున లైనక్స్ కెర్నల్, అవతల సర్వర్లో ఓపెన్ సోర్స్ పనిముట్లు. ఆ మాటలు అతను ఎప్పుడూ విని ఉండకపోవచ్చు, వినాల్సిన పనీ లేదు. రోజువారీ వాడకం అంటే ఇదే. సిద్ధాంతం నచ్చి సాఫ్ట్‌వేర్ మార్చుకున్నవాళ్లు ఎప్పుడూ గుప్పెడు మందే.

సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరికితే సరిపోదు, అందులో వేసుకునే చిత్రం కూడా దొరకాలి. ఈ విషయంలో తలుపు ముందు తెరిచింది అమెరికా. ల్యాండ్‌శాట్ చిత్రం ఒక్కోటి 1980లలో 4,000 డాలర్లు దాటింది. 1999లో 600కు దిగింది. బాగా అమ్ముడుపోయిన ఏడాదిలో కూడా రోజుకు సగటున 53 చిత్రాలే పోయేవి. 2008లో ధర తీసేశారు. తొలి ఏడాదిలోనే పది లక్షలకు పైగా దిగాయి. ఐరోపా వాళ్ల సెంటినెల్-2 మొదటి నుంచీ ఉచితమే. మన దగ్గర కొన్ని రిసోర్స్‌శాట్ చిత్రాలు భువన్ ద్వారా ఉచితంగా దొరకసాగాయి. 2023 అంతరిక్ష విధానం ఐదు మీటర్లు, అంతకన్నా ముతక స్పష్టత ఉన్నవాటిని అందరికీ తెరిచింది.

ఈ ఉచిత చిత్రాలూ సాఫ్ట్‌వేరూ కలిస్తే ఏం చేయొచ్చో చెప్పడానికి శ్రీహరికోట పక్కనే ఉన్న సరస్సు కంటే మంచి ఉదాహరణ లేదు. పులికాట్ చాలా లోతు తక్కువ సరస్సు. ఈశాన్య రుతుపవనాల వానకి కాళంగి, ఆరణి, స్వర్ణముఖి తెచ్చే నీటితో ఉబ్బుతుంది, ఎండాకాలంలో ఉత్తరం వైపు మైళ్లకొద్దీ ఉప్పుబురద తేలుతుంది. రాయదొరువు, కొండూరుపాళెం దగ్గర సముద్ర ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోవడం జాలర్లకు ఏళ్ల తరబడి ఉన్న మొర. చేప రావాలన్నా రొయ్య రావాలన్నా సముద్రపు నీరు లోపలికి రావాలి. నీళ్లు ఎంత మేర తగ్గాయి, ఎక్కడ, ఎప్పటి నుంచి అన్న ప్రశ్నకు ఒకప్పుడు జవాబు ఆఫీసు బీరువాలో ఉండేది. తీరప్రాంత టోపోషీట్లు మామూలు జనం చేతికి వచ్చేవి కావు.

ఇప్పుడు ఓ డిగ్రీ విద్యార్థి చేయగల పని ఇది. సెంటినెల్-2 చిత్రంలో ఆకుపచ్చ కాంతి పొర ఒకటి, సమీప పరారుణ కాంతి పొర ఒకటి తీసుకోవాలి. నీరు పరారుణ కాంతిని మింగేస్తుంది, నేలా చెట్టూ వెనక్కి కొడతాయి. మొదటి పొర విలువలోంచి రెండోదాన్ని తీసేసి, ఆ రెండింటి మొత్తంతో భాగిస్తే నీరున్న చోట సాధారణంగా ధన సంఖ్య వస్తుంది, పొడి నేల ఉన్నచోట రుణ సంఖ్య. 1996లో మెక్‌ఫీటర్స్ ప్రతిపాదించిన సూత్రం ఇది. క్యూజీఐఎస్‌లో రాస్టర్ క్యాలిక్యులేటర్ తెరిచి ఒక వరుస టైపు చేస్తే చాలు. డిసెంబర్ చిత్రానికి ఒకసారి, మే చిత్రానికి ఒకసారి చేసి పక్కపక్కన పెడితే, సూళ్లూరుపేట నుంచి సరస్సును చీల్చుకుంటూ శ్రీహరికోటకు వెళ్లే రోడ్డుకు అటూ ఇటూ తేడా కళ్లకు కడుతుంది. రాజహంసలు దిగే మడుగులు ఏవో, ఎండిన పలకలు ఏవో తెలుస్తాయి. పల్చటి నీరూ తడి బురదా ఈ లెక్కను బాగా తికమక పెడతాయి కాబట్టి, ఎవరైనా బురదలో దిగి సరిచూసుకోకుండా ఈ మ్యాపును నమ్మడం తప్పు. అయినా యాభై ఏళ్ల ల్యాండ్‌శాట్ చిత్రాలను ఇలా వరసగా పేర్చడానికి ఇవాళ అయ్యే ఖర్చు కరెంటూ డేటా ప్యాకే.

ఈ మ్యాపు విద్య నేర్పే పనిలో శ్రీహరికోటకు ఇంకో వాటా ఉంది. 2004 సెప్టెంబర్ 20న జీఎస్ఎల్‌వీ ఇక్కడి నుంచి ఎడ్యుశాట్ అనే విద్యా ఉపగ్రహాన్ని తీసుకెళ్లింది. దాని ఆసరాతో డెహ్రాడూన్‌లోని ఇస్రో రిమోట్ సెన్సింగ్ సంస్థ 2007 నుంచి దూరవిద్య పాఠాలు మొదలుపెట్టింది. తర్వాత అవి ఇంటర్నెట్‌కి మారాయి. ఓపెన్ సోర్స్ జీఐఎస్ కూడా ఆ పాఠాల్లో చేరింది. ఫీజు లేదు.

ఆఫీసుల మాటకొస్తే ఇంత హుషారు కనబడదు. కేంద్రం 2015 మార్చిలో ఓపెన్ సోర్స్ విధానం ప్రకటించింది. టెండర్లలో ఓపెన్ సోర్స్‌ని తప్పక పరిశీలించాలి, వద్దనుకుంటే కారణం చెప్పాలి అని అందులో ఉంది. కారణాలు చెప్పడంలో మన గుమాస్తాలను మించినవాళ్లు లేరు. పాత ప్రాజెక్టు ఫైళ్లు పాత ఫార్మాట్‌లోనే ఉంటాయి. సిబ్బందికి తెలిసింది పాత మెనూలే. ఆగిపోతే ఎవరికి ఫోన్ చేయాలి అన్న ప్రశ్నకు ఓపెన్ సోర్స్ పక్షం నుంచి ఒక నంబరూ ఒక పేరూ ఇవ్వలేకపోవడం నిజమైన లోటే. అందుకే చాలా చోట్ల అధికారిక పటం లైసెన్సు ఉన్న సాఫ్ట్‌వేర్‌లో తయారవుతుంది, అదే ఆఫీసులో కుర్ర కన్సల్టెంట్ ల్యాప్‌టాప్‌లో క్యూజీఐఎస్ ఉంటుంది.

తెరిచి పెట్టిన చిత్రాల బలం చంద్రుడి మీద కూడా కనబడింది. 2019 జూలై 22న శ్రీహరికోట నుంచి చంద్రయాన్-2 వెళ్లింది. సెప్టెంబర్‌లో విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద కూలింది. నాసా తన చంద్ర ఆర్బిటర్ చిత్రాలను అందరికీ అందుబాటులో పెట్టింది. చెన్నై ఇంజినీరు షణ్ముగ సుబ్రమణియన్ ఇంట్లో కూచుని పాత చిత్రాన్నీ కొత్తదాన్నీ పోల్చి విక్రమ్ శకలాన్ని ఒకదాన్ని పట్టుకున్నాడు. డిసెంబర్‌లో నాసా దాన్ని ధ్రువీకరించింది. 2020 డిసెంబర్ 24న ఇస్రో చంద్రయాన్-2 తొలి దత్తాంశాన్ని బయటపెట్టింది, నాసా వాడే పీడీఎస్-4 ఫార్మాట్‌లో. ఆ ఫార్మాట్‌ను చదివే జీడాల్ లైబ్రరీ క్యూజీఐఎస్‌తోపాటే వస్తుంది. పేరు నమోదు చేసుకుంటే ఎవరైనా ఆ చిత్రాలు దింపుకోవచ్చు.