వెండ్ (ఆంగ్ల క్రియ)

వెండ్ ఆంగ్లంలో వాడుక బాగా తగ్గిపోయిన పాత క్రియ. 'మళ్లు, దారిపట్టి సాగు' అని దీని అర్థం. మూలక్రియ మరుగున పడినా, దాని భూతకాల రూపమైన 'వెంట్' మాత్రం 'గో' (వెళ్లు) క్రియకు భూతకాలంగా స్థిరపడి నిత్యవ్యవహారంలో నిలిచింది. 'అమ్ము' అనే అర్థంలో లాటిన్ నుంచి వచ్చిన మరో 'వెండ్'కూ దీనికీ సంబంధం లేదు.

వ్యుత్పత్తి

పాత ఆంగ్లంలో దీని రూపం 'వెండన్'. మెలితిరుగు, చుట్టుకొను అనే అర్థాలున్న 'విండన్' క్రియకు ఇది ప్రేరణార్థకం. తెలుగులో తిరుగు, తిప్పు అనేవి ఇలాంటి జంటే. చుట్టడాన్ని తెలిపే నేటి 'వైండ్', తిరుగాడటాన్ని తెలిపే 'వాండర్' ఈ కుటుంబంలోవే. జర్మన్, డచ్ భాషల్లోని 'వెండెన్' దీనికి సోదర పదం.

అర్థ పరిణామం

తొలి అర్థం 'తిప్పు'. ఒక భాషలోని మాటను మరో భాషలోకి తిప్పడానికీ ఇదే క్రియ వాడేవారు. పోప్ గ్రెగరీ లాటిన్ గ్రంథం 'పాస్టరల్ కేర్'ను ఆంగ్లీకరించిన వెసెక్స్ రాజు ఆల్‌ఫ్రెడ్ (పాలన 871–899), తన పీఠికలో అనువదించడాన్ని ఈ క్రియతోనే చెప్పాడు. తనను తాను ఒక దిక్కుకు తిప్పుకోవడం నుంచి 'బయలుదేరు, వెళ్లు' అనే అర్థం ఏర్పడింది. 14వ శతాబ్దం చివర చాసర్ 'కాంటర్‌బరీ టేల్స్' ఆరంభంలో యాత్రికుల ప్రయాణానికి దీన్నే వాడాడు.

'గో'కు భూతకాలంగా

పాత ఆంగ్లంలో 'గో'కు మూలమైన 'గాన్' భూతకాలం 'ఏఒదె'. అది వేరే ధాతువు నుంచి వచ్చిన రూపం. మధ్య ఆంగ్లంలో అది 'యేద్', 'యోద్' వంటి రూపాలు దాల్చి క్రమంగా బలహీనపడింది. అదే కాలంలో సెండ్–సెంట్, బెండ్–బెంట్ తరహాలో వెండ్ భూతకాలం 'వెంట్' అయింది. రెండు క్రియల అర్థాలూ దగ్గరవడంతో, 1500 నాటికి ఇంగ్లండ్ దక్షిణ ప్రాంతంలో పాత రూపం స్థానాన్ని 'వెంట్' ఆక్రమించింది. స్కాట్లండ్‌లో మాత్రం 'గో' నుంచే 'గేడ్' అనే భూతకాలం పుట్టింది. ఇలా ఒకే క్రియ రూపాలు వేర్వేరు ధాతువుల నుంచి రావడాన్ని భాషాశాస్త్రంలో 'సప్లిషన్' అంటారు.

నేటి వాడుక

'వెంట్' చేజారాక వెండ్‌కు 'వెండెడ్' అనే కొత్త భూతకాలం ఏర్పడింది. మలుపులు తిరుగుతూ తాపీగా సాగిపోవడాన్ని చెప్పే 'వెండ్ వన్స్ వే' అనే పలుకుబడిలోనే ఈ క్రియ ఇప్పుడు ఎక్కువగా వినిపిస్తుంది.