చేతిలోని చెప్పులు

పాదరక్షల చరిత్ర వ్రాసినవారు కాలికి తొడిగిన చెప్పులను గూర్చియే వ్రాసిరి గాని, తొడుగబడక చేతిలోనో చంకలోనో మూటలోనో పయనించిన చెప్పులకు వేరొక చరిత్ర కలదనియు, తెలుగునాట, అందును తిరువూరు వంటి మెట్టసీమలలో, ఆ చరిత్ర మొదటిదానికంటె ఏమాత్రమును చిన్నది కాదనియు తలచినవారు అరుదు. ఎత్తుమడమల చెప్పులు తొడిగి పెండ్లికి పోవు యువతి, కాళ్లు నొచ్చినపుడు మార్చుకొనుటకై చేతిసంచిలో మడతపెట్టి దాచుకొను పలుచని చెప్పులజతను చూచి, ఇది నేటి కాలపు వింత యనుకొనువారు మన తాతల ప్రయాణములను ఒకమారు తలచుకొనవలెను.

తిరువూరు విజయవాడకు ఉత్తరముగా, మైలవరము మీదుగా కొత్తగూడెమునకు, భద్రాచలమునకు, అటుపై జగదల్పూరునకు పోవు రహదారిపై నున్నది. పూర్వము కృష్ణాజిల్లాలోనిది, 2022 ఏప్రిల్ నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలోనిది. ఊరికి సమీపముననే ఒకనాడు నైజాము రాజ్యపు సరిహద్దు. 1956 నవంబరు 1న ఆ గీత చెరిగిపోయి, 2014 జూన్ 2న మరల రాష్ట్రముల నడుమ గీతయై నిలిచినది. బస్సులు రాకమునుపు ఈ ప్రాంతమున ప్రయాణమనగా ఎడ్లబండియో, కాలినడకయో. మామిడితోటల నడుమ ఎర్రనేల వైశాఖమున పెనమువలె కాలును. వానకాలమున కట్టలేరు పొంగును, నల్లరేగడి పిక్కలదాక పట్టుకొని చెప్పును కాలినుండి ఊడబెరుకును. మిగిలిన నెలలలో పల్లేరుకాయలును, తుమ్మముండ్లును ఉండనే యున్నవి. ఇన్ని బాధలున్న నేలమీద చెప్పు నిత్యావసరమే గదా, మరి అది కాలికి గాక చేతికి ఏల ఎక్కినది?

మొదటి కారణము ఆ చెప్పు చేయుటలోనే యున్నది. చచ్చిన గేదె చర్మమును మాదిగ చర్మకారులు సున్నపునీట నానవేసి, వెండ్రుకలు గీకి, తంగేడుచెక్కయు కరక్కాయయు వేసిన లందలో దినములకొలది ఊరబెట్టి, ఎండలో ఆరవేసి, కొట్టి, సాగదీసి తోలుగా మార్చెడివారు. ఆ తోలును రంపెతో కోసి, అట్టపై అట్ట పేర్చి, ఆరెతో రంధ్రములు పొడిచి తోలుదారముతో కుట్టి, బొటనవ్రేలికి ఉంగటము, మీగాలికి వారు అమర్చినచో ఒక జత సిద్ధమగును. ఆ పని కూలికి జరిగినది కాదు. రైతునకు చెప్పులును, మోటతోలు తొండమును, పగ్గములును సమకూర్చిన చర్మకారునకు కళ్లమువద్ద మేరగా ధాన్యము కొలిచెడివారు. కొత్తజత కరచును; ఆముదము పట్టించి, కొన్నాళ్లు ఓర్చుకొని నడచినగాని అది లొంగదు. వానలో తడిసి ఎండిన చెప్పు కొయ్యవలె బిగిసిపోవును. కావున ఆ తరమువారు వాగు వచ్చినచో చెప్పులు విడిచి చేతబట్టెడివారు. బురద వచ్చినను అంతియే. పొరుగూరి చుట్టములయింటికి పోవునపుడు కొత్తజతను సంచిలోనో కఱ్ఱకొననో వ్రేలాడదీసికొని, ఊరి పొలిమేరలో కాళ్లు కడిగి తొడుగుకొని, దర్జాగా వీధిలో ప్రవేశించెడివారు. ఇక కలవారి కిర్రుచెప్పుల విషయము చెప్పనక్కరలేదు. అవి నడకకంటె చప్పుడుకొరకు కుట్టించుకొన్నవి.

రెండవ కారణము చెప్పుటకు మనసొప్పని కారణము. చెప్పు కుట్టినవానికే ఊరిలో చెప్పు తొడిగి నడచు హక్కు లేకుండెను. పెద్దకులములవారి వీధిలోనికి అడుగిడగానే అతడు తన చేతులతో తాను కుట్టిన చెప్పులను విడిచి, చేతబట్టి, వీధి దాటిన పిదప మరల తొడుగుకొనవలసి యుండెను. కొన్ని యూళ్లలో ఈ దురాచారము 1950లో రాజ్యాంగము అస్పృశ్యతను నిషేధించిన తరువాతను అంతరింపలేదు. 1941లో వెలువడిన 'గబ్బిలము' కావ్యములో కవి జాషువ ఇట్టి శ్రమజీవినే నాయకునిగా నిలిపినాడు. తరతరముల చేతిచెప్పులలో అత్యధికభాగము పొదుపువలన గాక భయమువలన చేతికెక్కినవని నా యభిప్రాయము. మన గ్రామజీవనపు మాధుర్యమును వర్ణించు వ్యాసకర్తలు ఈ వాక్యమును దాటవేయుచుందురు.

ఎత్తుమడమ యొక్క కథ దీనికి పూర్తిగా వేరు. పారసీక అశ్వికులు రికాబులో పాదము జారకుండుటకై తమ జోళ్లకు మడమ కట్టుకొనిరి. 1599లో పారసీక రాజు షా అబ్బాసు పంపిన రాయబారుల కాలమునుండి ఐరోపా ప్రభువర్గములో ఆ మోజు హెచ్చినది. ఫ్రాన్సురాజు పదునాలుగవ లూయీ ఎర్రమడమల జోళ్లతో తన రాజసభకు ఒక చిహ్నమునే కల్పించెను. పురుషునకై పుట్టి, పురుషుడు విడిచిన పిమ్మట స్త్రీకి మిగిలిన అలంకారములలో ఇది యొకటి. 1950లలో ఉక్కుకడ్డీని లోపల నిలిపి మడమను సూదివలె సన్నము చేయగలిగినప్పటినుండి ఆ చెప్పు నడచుటకు గాక నిలుచుటకు మాత్రమే పనికివచ్చు వస్తువైనది. దేహభారములో అధికభాగము మునివ్రేళ్లపై పడును. ఏండ్లతరబడి తొడిగినచో మడమవెనుక స్నాయువు కుదించుకొనిపోవును.

మన గ్రామములలో చెప్పు తేలికయగుట మాత్రము మడమతో గాక రబ్బరుతో ప్రారంభమైనది. 1931లో నెలకొని, పిమ్మట కలకత్తా సమీపమున బాటానగరు కట్టుకొన్న బాటా కంపెనీయు, తరువాతి సంస్థలును తెచ్చిన హవాయిచెప్పులు, పాతచక్రములనుండి కోసిన టైరుచెప్పులు, ప్లాస్టిక్ చెప్పులు ఒకదానివెనుక నొకటి సంతకు వచ్చినవి. బావులకు విద్యుత్ మోటార్లు అమర్చుటతో మోటతొండము పోయెను. దానితో మేరయు పోయెను. 1973లో రాష్ట్రప్రభుత్వము తోళ్లపరిశ్రమల సంస్థ లిడ్‌క్యాప్‌ను స్థాపించినను, ఊరి లంద మరల నిండలేదు. హవాయిచెప్పు చవక, తేలిక, తడిసినను చెడదు. ముఖ్యముగా, దానిని విడువుమని ఒకరు గద్దించునపుడు తిరుగబడు తరము దానితోపాటే ఎదిగినది.

మడతచెప్పు ఈ రెండు కథలు కలిసినచోట పుట్టినది. దాని పూర్వరూపము పాశ్చాత్య నర్తకి తొడుగు మెత్తని జోడు: 1947లో పారిసులో రోజ్ రెపెటో నర్తకుల జోళ్లు కుట్టసాగెను, 1956లో సినీనటి బ్రిజీత్ బార్దో వానిని వీధినడకకు తెచ్చినది. ఈ శతాబ్ది మొదటి దశకము ముగియునప్పటికి అమెరికా, ఇంగ్లండు దేశములలో చుట్టచుట్టి డబ్బాలోనో చిన్నసంచిలోనో ఇమిడించు చెప్పులు వెలువడినవి. రాత్రివేళ నృత్యశాలలనుండి బయటపడు యువతులకు కొన్నిచోట్ల నాణెములు వేయగా చెప్పులజతను విడుచు యంత్రములనే నిలిపిరి. నడుమ విరిగినట్లున్న పలుచని రబ్బరు అట్ట, పైన సాగుడుగుడ్డ: అంతియే. తాతకాలపు గేదెతోలు ఎన్నటికిని లొంగని పని అది.

ఈ వస్తువు తిరువూరు వంటి ఊరికి వచ్చునప్పటికి దాని ప్రయోజనము కొంత మారును. తాత చెప్పులు దారిపొడవున చేతిలోనుండి, గమ్యమున కాలికెక్కెడివి; మనుమరాలి హీల్స్ దారిలో సంచిలోనుండి కల్యాణమండపపు గుమ్మమువద్ద కాలికెక్కును. రెండుతరముల నడుమ క్రమము మారలేదు, నలుగురికంటికి కనబడు జతయే ఎప్పుడును మంచిది. సమీపమున నెమలి గ్రామములోని వేణుగోపాలస్వామి గుడికి పోయినపుడు మాత్రము మడతచెప్పునకు మరియొక సౌఖ్యము కలదు: బయట విడిచిన హీల్స్ మాయమైనను ఇంటికి ఉత్తకాళ్లతో పోనక్కరలేదు. భవానీదీక్ష ముగించుకొనుటకు ఎర్రబట్టలతో విజయవాడ ఇంద్రకీలాద్రికి నడచిపోవు భక్తులకు చెప్పు ఏ రూపమునను అక్కరలేదన్నది వేరుమాట.

అయినను నా కొక అనుమానము. ఆ పలుచని అట్ట నున్నని గచ్చుకు చేసినదే గాని మే నెల తారురోడ్డుకు చేసినది కాదు. పల్లేరుకాయకు అది అడ్డము కానేకాదు. అట్ట విరిగినచో బస్టాండుమూల చెప్పులు కుట్టువాడు ఆరె చేతబట్టియు, దానిలో సూది నిలువదని తిరిగి ఇచ్చివేయును. అందువలన ఇక్కడి తల్లులు, పెండ్లికి బయలుదేరు కూతుళ్లకు మడతచెప్పులు కొనియిచ్చుటకు బదులు, పాత హవాయిజతను ప్లాస్టిక్ కవరులో చుట్టి చీరల సంచి అడుగున పెట్టి పంపుచున్నారు.