కూర్పుల నియంత్రణ సర్వరు భద్రత

కూర్పుల నియంత్రణ సర్వరు (వర్షన్ కంట్రోల్ సర్వరు) అనగా ఒక ప్రోగ్రాము యొక్క సోర్సుకోడులో జరిగిన ప్రతి మార్పును, చేసినవారి పేరుతోను తేదీతోను సహా భద్రపరచు కంప్యూటరు. వికీలో ప్రతి పేజీకి ఉండే 'చరితం' వంటిదే ఇదియును. సీవీఎస్, సబ్‌వర్షన్, గిట్ అనునవి ఈ పనికి వాడుకలోకి వచ్చిన ప్రముఖ సాఫ్ట్‌వేర్లు. ఇట్టి సర్వరును దూరం నుండి వాడునపుడు తీసుకోవలసిన జాగ్రత్తలు ఈ వ్యాసంలో వివరింపబడినవి.

అవసరం

బాపట్లలోని ఒక ఇంజనీరింగు కళాశాల ప్రయోగశాలలో ఇటువంటి సర్వరు ఉన్నదనుకుందాం. ప్రాజెక్టు బృందంలో ఒకరు తెనాలి నుండి, మరొకరు రేపల్లె నుండి పనిచేస్తున్నారు. ప్రయోగశాల లోపల ఉన్నంతవరకు సమాచారం ఆ గోడలు దాటదు. రేపల్లెలోని నెట్ సెంటరు నుండి సర్వరును చేరాలంటే మాత్రం అది ఎవరెవరివో యంత్రాల గుండా ప్రయాణించవలసి ఉంటుంది. దారిలో సంకేతపదం చిక్కినవారు ఆ సభ్యుని పేరుతోనే కోడు మార్చగలరు. చరితంలో ఆ మార్పు సభ్యుడే చేసినట్లు నమోదవుతుంది.

ఇది ఊహ మాత్రమే కాదు. 2003 నవంబరులో లినక్సు కెర్నెలుకు ఇటువంటి ప్రయత్నమే జరిగినది. అప్పట్లో కెర్నెలు అసలు కోడు బిట్‌కీపర్‌లో ఉండేది. దాని ప్రతి ఒకటి వేరొక సీవీఎస్ సర్వరులో ఉండేది. ఆ ప్రతిలోకి చొరబడినవారు 'వెయిట్4' అను ఫంక్షనులో రెండు వరుసలు చేర్చారు. పోల్చుటకు వాడే రెండు సమాన చిహ్నాలకు బదులు అందులో ఒకే చిహ్నం ఉన్నది. ఆ ఒక్క అక్షరం వలన, ఫంక్షనును ప్రత్యేక రీతిలో పిలిచిన సామాన్య వాడుకరికి రూట్ అధికారం దక్కుతుంది. బిట్‌కీపర్‌లో దాఖలా లేని మార్పు సీవీఎస్‌లో కనిపించుటచే కుట్ర బయటపడినది.

పాత పద్ధతులలోని లోపాలు

సీవీఎస్‌లోని 'పీసర్వర్' పద్ధతి (పోర్టు 2401) సంకేతపదాన్ని సులభంగా విప్పగలిగిన మారురూపంలో పంపుతుంది. అది దాచినట్లు కనిపించడమే గాని దాచడం కాదు. సబ్‌వర్షన్ వారి 'ఎస్‌వీఎన్‌సర్వ్' (పోర్టు 3690) సంకేతపదాన్ని నేరుగా పంపదు. అయినను మామూలు అమరికలో కోడంతా బహిరంగంగానే ప్రయాణిస్తుంది, సంకేతపదాలు సర్వరు ఫైలులో ఉన్నవి ఉన్నట్లుగానే ఉంటాయి. గిట్ యొక్క సొంత ప్రోటోకాలు (పోర్టు 9418)లో వాడుకరి గుర్తింపే లేదు. అందరూ చదువుకొనుటకే అది తగినది.

ఎస్‌ఎస్‌హెచ్ సొరంగం

హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయంలో సంకేతపదాల చౌర్యం జరిగిన పిమ్మట, 1995లో టాటు య్లోనెన్ ఎస్‌ఎస్‌హెచ్‌ను రూపొందించాడు. ఇందులో సమాచారమంతా గూఢలిపిలో సాగుతుంది. సభ్యుడు ఒక జత తాళపుచెవులు తయారుచేసుకొంటాడు. రహస్య చెవి తన యంత్రంలోనే, మరొక పదబంధం రక్షణలో ఉంటుంది. బహిరంగ చెవిని సర్వరులోని 'ఆథరైజ్డ్ కీస్' ఫైలులో చేర్చుతారు. గ్నోమ్ వంటి ప్రాజెక్టులలో అనువాదాలను నేరుగా చేర్చు అధికారం గల సమన్వయకర్తలు, తెలుగువారితో సహా, ఈ చెవుల పద్ధతికి అలవాటుపడినవారే.

అయితే చెవి ఇచ్చినంత మాత్రాన సర్వరంతా అప్పగించనవసరం లేదు. ఆ ఫైలులో ప్రతి చెవి ముందు ఒక ఆజ్ఞను నిర్బంధించవచ్చును: ఈ చెవితో వచ్చినవారికి 'ఎస్‌వీఎన్‌సర్వ్' మాత్రమే నడవాలి, ఫలానా పేరుతోనే నమోదు కావాలి, పోర్టుల మళ్ళింపు ఉండరాదు. గిట్‌లో ఇదే పనికి 'గిట్-షెల్', 'గిటోలైట్' కలవు. చాలామంది ఈ మెట్టును వదిలివేస్తారు. నిజానికి చెవి పోయిననాడు నష్టాన్ని పరిమితం చేసేది ఇదే.

చెవుల పద్ధతి అమర్చిన తరువాత సంకేతపదంతో ప్రవేశాన్ని, రూట్ ప్రవేశాన్ని ఆపివేయాలి. పక్కదారి తెరచి ఉంచితే ముందుతలుపు తాళం వృథా. 2021 మార్చి 28న పీహెచ్‌పీ గిట్ సర్వరులో రాస్మస్ లెర్డార్ఫ్, నికితా పొపోవ్‌ల పేర్లతో వారు చేయని మార్పులు చేరినవి. ఎస్‌ఎస్‌హెచ్‌తో బాటు సంకేతపదంతో హెచ్‌టీటీపీఎస్ ద్వారా కూడా కోడు చేర్చు వీలు అక్కడ ఉండినదని విచారణలో తేలినది. గిట్‌హబ్ 2021 ఆగస్టు 13 నుండి గిట్ పనులకు ఖాతా సంకేతపదాన్ని అంగీకరించుట మానినది.

చెవులకు వచ్చు ముప్పు

2006 నుండి 2008 మే వరకు డెబియన్‌లోని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్యాకేజీ దోషం వలన ఒక్కొక్క రకానికి సుమారు 32,768 చెవులే పుట్టగలిగేవి. అన్నిటినీ ముందుగానే తయారుచేసి ప్రయత్నించవచ్చును. అందుచే ఆ కాలపు చెవులను రద్దుపరచవలసి వచ్చినది. సర్వరుకు సైతం సొంత చెవి ఉంటుంది. మొదటిసారి కలిసినపుడు తెరపై కనిపించు వేలిముద్రను సర్వరు నిర్వాహకుని ఫోనులో అడిగి సరిపోల్చుకొనవలెను. ఆ తరువాత ఎప్పుడైనా చెవి మారినదని హెచ్చరిక వస్తే, కారణం తెలిసేవరకు ముందుకు పోరాదు. కారణం ఒక్కోసారి న్యాయమైనదే కావచ్చును: గిట్‌హబ్ తన ఆర్‌ఎస్‌ఏ రహస్య చెవి పొరపాటున కొద్దిసేపు బహిరంగమగుటచే 2023 మార్చి 24న దానిని మార్చినది.