ఏ పాదం ఎవరిదో

‘ఏకాంతసేవ’ అనే కావ్యాన్ని ఇద్దరు రాశారు. భగవంతుడి కోసం తపించే ఒంటరి మనసు గొంతు అది. పేరులోనే ఏకాంతం ఉంది. కర్తలు మాత్రం బాలాంత్రపు వేంకటరావు, ఓలేటి పార్వతీశం. పేర్లు కలిపేసి వేంకట పార్వతీశ కవులయ్యారు. అంతటి ఆంతరంగిక వేదనను ఇద్దరు మిత్రులు పంచుకుని ఎలా రాశారన్న సందేహం ఇప్పటి పాఠకుడికి వస్తుంది గాని, ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల పాఠకుడికి రాలేదు. అప్పటికి తెలుగుదేశంలో జంటకవులంటే కొత్త కాదు. కొన్ని ఊళ్లలో జంట లేని కవిని చూస్తేనే వింతగా ఉండేదేమో!

వీళ్లకు పూర్వులుగా పదిహేనో శతాబ్దపు నంది మల్లయ, ఘంట సింగనలను చెబుతారు. వరసకు మామా మేనల్లుళ్లు. తుళువ నరస నాయకుడికి ‘వరాహపురాణం’ అంకితమిచ్చారు. అంతకన్నా ఆసక్తికరమైనది ‘ప్రబోధ చంద్రోదయం’. కృష్ణమిశ్రుడు సంస్కృతంలో రాసిన వేదాంత నాటకాన్ని వీళ్లు ప్రబంధంగా మలిచారు. అందులో పాత్రలు రాజులూ రాణులూ కారు. వివేకం, మోహం, శాంతి, శ్రద్ధ లాంటి గుణాలే మనుషులై తిరుగుతాయి. ఇద్దరు కూర్చుని తర్కించుకుంటూ రాయడానికి ఇంతకంటే తగిన వస్తువు దొరకదు. అయితే ఆ జంట చుట్టరికం మీద నిలిచింది. స్నేహమే పునాదిగా జంటకవిత్వం ఊరూరా మోగింది మాత్రం తిరుపతి వేంకట కవుల కాలంలోనే.

దివాకర్ల తిరుపతిశాస్త్రి 1872లో భీమవరం దగ్గర యండగండిలో పుట్టారు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి అంతకు రెండేళ్ల ముందు కడియంలో పుట్టారు. ఇద్దరికీ గురువు చర్ల బ్రహ్మయ్యశాస్త్రి. తిరుపతిశాస్త్రి వాదానికి దిగితే వదలని పండితుడు. వేంకటశాస్త్రి లోకం తెలిసినవాడు, మాటకారి. వినాయక చవితి చందాల దగ్గర ఒకరి సత్తా ఒకరికి తెలిసిందని చెబుతారు. చందాల దగ్గర పోట్లాడుకుని విడిపోయినవాళ్లను అందరం చూశాం. వీళ్లు అక్కడే కలిశారు.

ఆ తర్వాత ఇద్దరూ కలిసి అవధానాలు మొదలుపెట్టారు. శతావధానమంటే నూరుగురు పృచ్ఛకులు నూరు సమస్యలూ వర్ణనలూ ఇస్తే అందరికీ పాదం పాదంగా పద్యాలు చెప్పుకుంటూ పోయి, చివర ధారణలో అన్నీ వరసగా ఒప్పజెప్పాలి. ఒక్కడికి అది ప్రాణాంతకం. ఇద్దరికీ సులువేమీ కాదు. పైగా ఇంకో చిక్కు ఉంది. ఒకరు ఎత్తుకున్న భావం రెండోవారికి తట్టాలి, యతి ప్రాసలు కుదరాలి, ఎత్తుగడకు తగ్గట్టు ముగింపు పడాలి. పక్కవాడి బుర్ర ఎటు పోతోందో ముందే తెలిస్తే తప్ప కుదిరే పని కాదది. గద్వాల, ఆత్మకూరు, వెంకటగిరి, విజయనగరం వంటి సంస్థానాల్లో ఈ జంట తిరిగింది. ఆ సభలకు వెళ్లినప్పుడు చెప్పిన పద్యాలన్నీ కలిపి ‘నానారాజ సందర్శనం’ అయ్యాయి. కవిత్వం పండితుల గడప దాటి సంతలోకి వచ్చిందంటే ఆ తిరుగుళ్ల పుణ్యమే. ఇక వీళ్ల నాటకాలు పాండవోద్యోగ విజయాల మాట చెప్పనక్కర్లేదు. చదువు రానివాళ్లు సైతం రాయబారం పద్యాలు రాగం తీసి పాడతారు. వాటిలో ఏ పద్యం ఎవరిదని అడిగితే పండితులూ సూటిగా చెప్పలేరు. చెప్పకూడదన్నదే ఆ జంట ఒప్పందం.

ఆ ఒప్పందానికి అసలు పరీక్ష 1920లో వచ్చింది. తిరుపతిశాస్త్రి కన్నుమూశారు. వేంకటశాస్త్రి ఆపైన ముప్ఫై ఏళ్లు బతికారు. 1949లో మద్రాసు ప్రభుత్వం ఆయన్ను తొలి ఆస్థానకవిగా నియమించింది. ఆ ముప్ఫై ఏళ్లలో ఆయన తన కవిత్వాన్ని ఇద్దరి పేరుతోనే ప్రకటించారు. దీన్ని మర్యాద అంటే తక్కువ చేసినట్టే. ఒకసారి ఇద్దరి మధ్య తయారైన గొంతు ఒకరు పోయాక కూడా ఇద్దరిదేనని ఆయన నమ్మినట్టుంది. నష్టం కూడా ఉంది. తిరుపతిశాస్త్రి విడిగా ఎలాంటి కవో మనకు ఇంకెప్పటికీ తేలదు. పేరు ముందున్న మనిషి పద్యాల్లో ఎక్కడున్నాడో వెతుక్కోవాల్సిన పరిస్థితి వింతే.

స్నేహం ఉన్నచోట పోటీ కూడా ఉంటుంది. పిఠాపురం ఆస్థానంలో ఓలేటి వేంకటరామశాస్త్రి, వేదుల రామకృష్ణశాస్త్రి మరో జంట. వేంకట రామకృష్ణ కవులన్న పేరుతో రాసేవారు. ఈ రెండు జంటలకూ మధ్య నడిచిన పద్యయుద్ధం నుంచి ‘గీరతం’, ‘శతఘ్ని’ లాంటి పుస్తకాలు పుట్టాయి. ఫిరంగుల పేరు పెట్టుకున్న పుస్తకంలో శాంతిమంత్రాలు ఉండవు కదా. పత్రికల్లో, కరపత్రాల్లో తిట్లు కూడా ఛందస్సు తప్పకుండా తిట్టుకున్నారు. కొప్పరపు సోదరకవులతోనూ తిరుపతి వేంకటులకు ఇలాంటి రగడే నడిచింది. చదవడానికి సరదాగా ఉంటుంది గాని, ఎంత ప్రతిభ ఇందులో ఖర్చయిపోయిందోనన్న దిగులు కలగక మానదు. వేదుల 1918లో చిన్న వయసులోనే పోయారు. ఆ జంట ఇంకెక్కడికి వెళ్లేదో చెప్పలేం.

చెళ్లపిళ్ల బందరు హైస్కూల్లో పాఠాలు చెప్పినప్పటి శిష్యుల్లో పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు ఉన్నారు. గురువుగారి పద్ధతిలోనే ఇద్దరూ కలిసి ‘తొలకరి’, ఆ తర్వాత ‘సౌందరనందం’ రాశారు. రెండోదానికి అశ్వఘోషుడి సంస్కృత కావ్యం ఆధారం. బుద్ధుడి తమ్ముడు నందుడికి కట్టుకున్న భార్య సుందరి మీద ఎంత మోహమో, అన్నగారి మాట మీద అంత గౌరవం. ఎటు వెళ్లాలో తెలియని ఆ నలుగుబాటే కావ్యం. సంసారమా, సన్న్యాసమా అన్న చర్చ ఇద్దరు మిత్రులు రాసిన కావ్యంలో ఎంతో ఒప్పుగా అమరింది. దాన్ని గురువుకే అంకితం చేశారు. తరువాత దారులు వేరయ్యాయి. పింగళి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. కాటూరి ‘కృష్ణాపత్రిక’ సంపాదకత్వం చేపట్టారు. విడివిడిగానూ రాశారు. జంట కట్టు వదులైందనడానికి ఇదొక గుర్తు.

ఆ కట్టును వదులు చేసింది భావకవిత్వం. అందులో ‘నేను’ పెద్దది. నా ప్రియురాలు, నా దుఃఖం, నా ఏకాంతం అన్నాక పక్కన ఇంకో సంతకం ఇరుకుగా ఉంటుంది. అలాగని స్నేహితులు కలిసి పనిచేయడం మానలేదు. తల్లావజ్ఝల శివశంకరశాస్త్రి సభాపతిగా తెనాలిలో సాహితీ సమితి నడిచింది. చింతా దీక్షితులు, నోరి నరసింహశాస్త్రి, నండూరి సుబ్బారావు వంటివాళ్లు అందులోని వాళ్లే. ‘సాహితి’ పేరుతో పత్రిక తెచ్చారు. ఇక్కడ పద్యం ఒకరిది, చెవులు పదిమందివి. నండూరి ఎంకి పాటలకు తొలి శ్రోత, తొలి ప్రచారకుడు బసవరాజు అప్పారావు అంటే తప్పుకాదు. విశాఖపట్నంలో ఇలాగే కవితా సమితి ఉండేది. పద్దెనిమిదేళ్ల శ్రీశ్రీ ‘ప్రభవ’ను 1928లో అచ్చు వేయించింది అదే. శ్రీశ్రీ తర్వాత ఆ పద్యాల దారి వదిలేశాడు, అది వేరే సంగతి.

పదహారేళ్ల తర్వాత, 1944లో, నరసరావుపేట ప్రాంతపు ముగ్గురు యువకులు ‘నయాగరా’ తెచ్చారు. కుందుర్తి ఆంజనేయులు, ఏల్చూరి సుబ్రహ్మణ్యం, బెల్లంకొండ రామదాసు. ఇక్కడ పేర్లు కలపలేదు, ఎవరి కవిత కింద వాళ్ల పేరు. కలిసింది అట్టల మధ్య మాత్రమే. యుద్ధకాలపు కోపం, ఆశ అందరిలోనూ ఒకటే కాబట్టి ఆ మాత్రం కలయిక చాలింది. అభ్యుదయ కవిత్వానికి ఆ పలుచని పుస్తకం ఇచ్చిన ఊపు తక్కువది కాదు.

పేరును వదులుకోవడమన్నది మళ్లీ 1965లో హైదరాబాదులో కనిపిస్తుంది, పూర్తిగా వేరే వేషంలో. ఆరుగురు కుర్రాళ్లు తల్లిదండ్రులు పెట్టిన పేర్లనూ, వాటికి తగులుకున్న కులాన్నీ విడిచేసి నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న అయ్యారు. దిగంబర కవులన్నారు. వారాలకు, రుతువులకు, సంవత్సరానికి కూడా సొంత పేర్లు పెట్టుకున్నారు. తొలి సంపుటిని అర్ధరాత్రి నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. 1966లో విజయవాడలో రెండోది, 1968లో విశాఖలో మూడోది. అంతటితో అయిపోయింది. చెరబండరాజు, జ్వాలాముఖి, నిఖిలేశ్వర్ 1970లో ఏర్పడిన విప్లవ రచయితల సంఘం (విరసం)లోకి వెళ్లారు. మహాస్వప్న, భైరవయ్య ఆ దారి పట్టలేదు. మూడేళ్ల స్నేహం, మూడు పుస్తకాలు. తిరుపతి వేంకటుల ఆయుర్దాయంతో పోలిస్తే ఏమంత కాదు గాని, ఆ మూడేళ్లలో తెలుగు కవిత్వం భాష మారిపోయింది.

ఈ జంటల్లో, గుంపుల్లో ఆడవాళ్లు లేకపోవడం యాదృచ్ఛికం కాదు. అర్ధరాత్రి ఆవిష్కరణకూ, సంస్థానాల తిరుగుడుకూ, వీధరుగు మీద పొద్దుపోయేదాకా వాదనకూ గడప దాటే వీలుండాలి. ఓల్గా సంపాదకత్వంలో స్త్రీవాద కవితల సంకలనం ‘నీలి మేఘాలు’ వచ్చేసరికి 1993 అయింది.

పెద్దల కథలు ఇవైతే, పిల్లల కథలు ఎక్కువగా చెత్తబుట్టల్లో కలిసిపోయాయి. మద్రాసులో చదువుకునే రోజుల్లో ముళ్లపూడి వెంకటరమణ స్నేహితులతో చందాలు వేసుకుని ఒక సైక్లోస్టైల్ యంత్రం కొని ‘ఉదయభాను’ పత్రిక నడిపారు. ఆయన సంపాదకుడు, బాపు చిత్రకారుడు. ఆ తర్వాతి అరవై ఏళ్లూ తెలుగువాళ్లకు తెలిసినవే. అలాంటి లిఖిత పత్రికలు ఎన్నో హైస్కూళ్లలో, హాస్టళ్లలో, గ్రంథాలయాల్లో ఉండేవి. అందమైన దస్తూరి ఉన్నవాడు రాసేవాడు, బొమ్మలొచ్చినవాడు ముఖచిత్రం వేసేవాడు, ఉన్న ఒక్క ప్రతి చేతులు మారుతూ చిరిగిపోయేది. చరిత్రకారులకు అవి దొరకడం లేదు. మీ ఇంటి అటక మీద తాతగారి ట్రంకుపెట్టెలో అలాంటిది ఒక్కటి కనిపించినా పాత కాగితాలవాడికి తూకానికి వేయకండి. వేటపాలెం సారస్వత నికేతనం 1918 నుంచీ, హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901 నుంచీ ఇలాంటి కాగితాలను దాస్తున్నాయి. వాటికి గాని, మీ ఊరికి దగ్గర్లోని పాత గ్రంథాలయానికి గాని పంపించండి. రాసినవాళ్ల పేర్లు మీకు తెలిస్తే వెనక అట్ట మీద పెన్సిలుతో రాసి మరీ పంపండి.